ఉధ్నాలో ఆటస్థలం

ఉధ్నాలో పిల్లల ఆటస్థలం సంగతి ఇంటి లోపలే మొదలవుతుంది. సూరత్ దక్షిణ భాగంలో, ముంబయి రైలుమార్గం నుంచి జల్‌గావ్ లైను చీలే జంక్షన్ ఉధ్నా. స్టేషను దాటి పారిశ్రామికవాడ వైపు నడిస్తే నంబర్లతో పిలిచే రోడ్లు, షెడ్లు, సాంచాల చప్పుడు. ఈ మరమగ్గాలు రాత్రీ పగలూ నడుస్తాయి. షిఫ్టు మామూలుగా పన్నెండు గంటలు. రాత్రి పనిచేసిన తండ్రి పగలు పడుకోవాలి. ఉన్నది ఒక్క గదే అయినప్పుడు పిల్లలు బయటికి పోక తప్పదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఉధ్నాలోనూ, పక్కనే ఉన్న లింబాయత్‌లోనూ చాలామంది ఉన్నారు. వారి ఇళ్లలోనూ ఇదే తీరు. బయట అంటే గల్లీ. అక్కడ బట్టల మూటలతో టెంపోలు తిరుగుతుంటాయి.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోలీలాటకు గల్లీ సరిపోతుంది, పరుగుకు చాలదు.

స్థలం ఎక్కడిదన్న ప్రశ్నకు గుజరాత్‌లో చట్టమే ఒక దారి చూపింది. 1976 నాటి పట్టణ ప్రణాళిక చట్టం కింద టీపీ (టౌన్ ప్లానింగ్) స్కీము వేసేటప్పుడు యజమానుల భూములన్నీ కలిపి, కొంత భాగం తీసుకుని, మిగిలినది కొత్త ప్లాట్లుగా తిరిగి ఇస్తారు. స్కీము మొత్తం విస్తీర్ణంలో రోడ్లకు 15 శాతం. పార్కులు, తోటలు, ఆటస్థలాలు, ఖాళీ జాగాలకు కలిపి 5 శాతం. చిక్కంతా ఆ ‘కలిపి’లోనే ఉంది. తోటా మైదానమూ ఒకే వాటాలోంచి రావాలి. పచ్చికా పూలమొక్కలూ ఫొటోలో బాగుంటాయి కాబట్టి గెలుపు ఎక్కువగా తోటదే. కాలు పెట్టకూడని పచ్చిక పిల్లలకు ఎందుకు?

మైదానానికి పెద్ద ఖర్చు లేదు. సూరత్ నల్లమట్టి వానాకాలంలో జిగురు బురదవుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. కాబట్టి నీరు పోయేలా వాలు ఇచ్చి, పైన మొరం పరిచి తొక్కించాలి. ఇనుప జారుడుబల్ల మే నెల ఎండకు పెనంలా కాలుతుంది. దాన్ని చెట్టు నీడలో పెట్టాలి. ఊయల కింద సిమెంటు కాదు, 30 సెంటీమీటర్ల లోతున ఇసుక ఉండాలి. వేప, కానుగ మొక్కలు నాటితే నీడకు కొన్నేళ్లు పడుతుంది, అందుకే నాటడం మొదటి పని కావాలి. కొలతలూ పెద్దవేం కావు: ఖోఖోకు 27×16 మీటర్లు, ఆడపిల్లల కబడ్డీకి 12×8. చిర్రగోనెకు మాత్రం ఎదురుగా ఎవరూ లేని పొడవాటి జాగా కావాలి. తొక్కుడుబిళ్లకు సుద్దముక్క చాలు.

కొత్త జాగా దొరకని పాత బస్తీలకు బడి ఆవరణే దిక్కు. విద్యాహక్కు చట్టం (2009) ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. సూరత్ నగరపాలిక గుజరాతీతో పాటు మరాఠీ, ఒడియా, తెలుగు వంటి మాధ్యమాల్లోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. బడి విడిచాక ఆ గేట్లు తెరిచి ఉంచితే భూమి కొనకుండానే మైదానం వస్తుంది. దానికి ఒక కాపలాదారు, దీపాలు, నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. చివరి రెండూ లేనిచోట ముందుగా రావడం మానేది ఆడపిల్లలే.