ఎనిమిది సాంచాలు

కొండగట్టు నుంచి ఉత్తరానికి పోతే జగిత్యాల, అక్కడి నుంచి పడమరకు తిరిగితే కోరుట్ల. దక్షిణాన వేములవాడ దాటితే సిరిసిల్ల. మన క్లాసులో చాలామందిమి ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల వాళ్లమే. ఈ ఊళ్లు దేని మీద బతుకుతాయని అడిగితే ఒక్క లైన్‌లో చెప్పేస్తాం: సిరిసిల్ల అంటే బట్ట, కోరుట్ల అంటే బీడీ, జగిత్యాల అంటే మామిడి, అందరికీ కలిపి దుబాయి. (మస్కట్ పోయినా, ఖతర్ పోయినా మా దగ్గర దుబాయే.) కానీ ఇందులో ఏ పని ఎన్నాళ్లు నడవాలో ఈ ఊళ్లలో ఎవరూ తేల్చలేరు.

మా అమ్మమ్మది కోరుట్ల. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునేది. ఆకు ఎంత ఇవ్వాలో, నెలలో ఎన్ని రోజులు పని ఇవ్వాలో కార్ఖానా వాళ్ల ఇష్టం. పెద్ద మామ దుబాయి పోయిండు. ఆ పైసలతో స్లాబు ఇల్లు లేచింది, తర్వాత ఒక ప్లాటు వచ్చింది. మా వీధిలో ఇంచుమించు ప్రతి ఇంటిదీ ఇదే కథ. దుబాయి పైసలతో షెడ్డు వేసి పదిమందికి పని ఇచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. వాళ్లను తప్పు పట్టలేం. పక్కనే ముత్యంపేటలో అంత పెద్ద చక్కెర ఫ్యాక్టరీయే 2015 డిసెంబర్‌లో మూతపడితే, సొంతంగా షెడ్డు వేసే ధైర్యం ఎవరికుంటుంది?

సిరిసిల్ల సంగతి నాకు నా రూమ్మేట్ వల్ల తెలిసింది. వాళ్ల నాన్న ఆసామి. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. సేటు నూలు ఇస్తాడు, ఆసామి తన సాంచాల మీద నేయించి బట్ట తిరిగి ఇస్తాడు, మీటరు లెక్కన కూలి. పాలిస్టర్ నూలు బయటి రాష్ట్రాల నుంచి వస్తుంది, బట్ట కొనేవాళ్లూ బయటే. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్లకు ఇచ్చింది. అంతకుముందు భివండీ, సూరత్ పోయినవాళ్లు కొందరు ఇంటికి తిరిగొచ్చారు. 2024లో బతుకమ్మ చీరలు లేవు. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చిందనుకోండి, కానీ మధ్యలో కరెంటు బిల్లు ఆగదు కదా, మా వాడి హాస్టల్ ఫీజూ ఆగలేదు.

"ఎనిమిది సాంచాలు పెట్టిన. నాలుగు తుక్కుకు అమ్మిన. మిగిలినయి ఆర్డర్ ఉంటే నడుస్తయి, లేకుంటే లేదు," అన్నాడు అంకుల్. కోపంగా కూడా కాదు, బస్సు టైమ్ చెప్పినట్టు చెప్పాడు.

ఆ తుక్కు మాట దగ్గరే నాకు జపాన్ గుర్తొచ్చింది. టయోటా మొదట మగ్గాల కంపెనీ. సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు, పడుగు పోగు తెగితే తనంతట తనే ఆగిపోయే, నడుస్తుండగానే షటిల్ మార్చుకునే మగ్గాన్ని 1924కల్లా తయారు చేశాడు. 1929లో దాని పేటెంట్ హక్కుల్ని ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. అంతకుముందు మగ్గాలు ఇంగ్లండ్ నుంచి జపాన్‌కు పోయేవి! ఆ మగ్గాల కంపెనీలోనే 1933లో కార్ల విభాగం మొదలై, 1937లో వేరే కంపెనీ అయింది. ఫ్యాక్టరీ పెట్టిన కొరొమో, పట్టు వ్యాపారం పడిపోయిన ఊరు. 1959లో ఆ ఊరి పేరే టయోటా అయింది.

సిరిసిల్ల కూడా అట్లా అవుతుందని నేను అనట్లేదు. వాళ్ల వెనక వాళ్ల ప్రభుత్వం, పెద్ద మార్కెట్ ఉన్నాయి. నాకు అందులో నచ్చింది ఒక్కటే, వాళ్లు మగ్గం నడపడంతో ఆగకుండా మగ్గాన్నే విప్పి చూశారు. సిరిసిల్లలో సాంచాను విప్పి, బిగించి, లేని పార్టును లేత్ మీద చేయించుకునే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరది. అక్కడికి బస్సులో గంటన్నర కూడా పట్టని చోట వందలమందిమి ఇంజనీరింగ్ చదువుతున్నాం, మన చూపు మాత్రం హైదరాబాద్ మీదే. నాదీ అంతే, ప్లేస్‌మెంట్ వస్తే వదులుకోను.

అయితే ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కు అందరిలా ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ కాకుండా, పడుగు పోగు తెగితే పాత సాంచాను ఆపే సెన్సర్ చేద్దామని మేమిద్దరం అనుకున్నాం. ఇప్పుడు ఆ పని మనిషి కన్ను చేస్తోంది, ఒక్కడే అన్ని సాంచాల మధ్య తిరుగుతూ. సమస్య ఏంటంటే, మావాడు ఫోన్‌లో తీసుకొచ్చిన వీడియోలో సాంచా అదురుడుకు పోగులన్నీ కలిసి మసకగా కనిపిస్తున్నాయి, లెన్స్ మీద నూలు దుమ్ము వేరే. కెమెరా పనికిరాకపోతే ప్రతి పోగు మీద చిన్న లోహపు రేకు వేలాడదీసి, పోగు తెగి అది పడగానే సర్క్యూట్ కలిసేలా చేయాలి. ఇది పాత పద్ధతే, ఖర్చు కూడా తక్కువ.

వచ్చే ఆదివారం సిరిసిల్ల పోతున్నాం. అంకుల్ ఒక సాంచా ఆపి చూపిస్తానన్నాడు. ఒక్క గంటే, ఎక్కువ ఆపితే మీటర్లు పోతాయట.