ఎవరి తలుపు వారిదే

పిల్లలూ! ఒకే తరగతిలో ముగ్గురు రాములుంటే, "రామూ!" అని పిలిచే మేష్టారికి ఎంత చిక్కో మీకు తెలుసుగా? ఇంటిపేరు చేర్చి పిలిస్తేగాని సరైనవాడు పలకడు.

మా మనవరాలు పది పొడుపుకథలతో ఒక వెబ్‌పేజీ తయారుచేసింది. మీట నొక్కితే విడుపు కనిపించాలి. మళ్ళీ నొక్కితే దాగాలి. కాని ఏ మీట నొక్కినా మొదటి విడుపే బయటపడింది! పదింటికీ ఒకే ఐడి పెట్టడమే కారణం. ఆ ఐడితో వెతికితే జావాస్క్రిప్టుకు మొదటిదే దొరుకుతుంది. ఒక్కొక్క విడుపుకు వేరే ఐడి ఇచ్చి, ఏ మీట దేనిని తెరవాలో చెప్పగానే చిక్కు తీరింది.

ఇంకో సులువు: ప్రశ్నను 'సమ్మరీ' ట్యాగులో పెట్టి, దానినీ విడుపునూ కలిపి 'డీటెయిల్స్' ట్యాగులో ఉంచితే, జావాస్క్రిప్టు లేకుండానే ఏది నొక్కితే అదే తెరుచుకుంటుంది.

తక్కిన విడుపులు దాగి ఉంటేనే గదా, ఆలోచించేవారికి ఆనందం!