అబ్రాకా డైరీ: ఎర్రపొట్ట చేప

నవంబర్ 16

వానలు వెనక్కి తగ్గాయి. నైజీరియాలో నేనుండే వారీలో కరెంటు లేని ఆదివారం ఇంట్లో కూర్చోలేక అబ్రాకా ఊరికి వచ్చాను. ఇథియోప్ నదిలో నడుంలోతు దిగినా కాలిగోళ్లు కనిపిస్తున్నాయి. నైజర్ డెల్టా అనగానే మనవాళ్లు నూనె తెట్టు కట్టిన నల్లటి నీళ్లు ఊహించుకుంటారు. ఈ నది అలా లేదు. ఉముఆజా ఊళ్లో ఓ పెద్ద బూరుగు చెట్టు మొదట్లో ఊటగా పుడుతుంది. ఆ చోటు అక్కడివాళ్లకు పవిత్రం. అడవిలోంచి సపేలె దాకా పారి, బెనిన్ నదిలో కలుస్తుంది.

ఒడ్డున వేళ్ల సందుల్లో వేలెడు చేపలు. వల వేస్తున్న కుర్రాణ్ణి అడిగితే, "ఓగా (అయ్యా), అది కూరకు రాదు" అని తేల్చేశాడు. పెప్పర్ సూప్‌లో పడే యోగం దానికి లేదు. హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో మాత్రం ఇదే చేపను 'క్రిబెన్సిస్', ముద్దుగా 'క్రిబ్' అని జతల లెక్కన అమ్ముతారు. శాస్త్రీయ నామం పెల్వికాక్రోమిస్ పుల్చర్. 1901లో లండన్‌లో బౌలెంజర్ అనే శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేశాడు. దీని సొంత ఊరు దక్షిణ నైజీరియా, ఆ పక్కనే కామెరూన్ తీరం.

నవంబర్ 30

ఇవాళ ఎండ బాగుంది. చాలాసేపు కదలకుండా నిలబడితే జత ఒకటి దగ్గరకొచ్చింది. మగది పెద్దది, నాలుగంగుళాల లోపు. రెక్కల చివరలు సూదిగా ఉన్నాయి. ఆడది పొట్టి, గుండ్రం. పొట్ట మీద ముదురు ఎరుపు.

ఈ జాతిలో చొరవ ఆడదానిదే. ఒళ్లు విల్లులా వంచి, వణికించి, ఆ ఎర్రపొట్ట మగదాని కళ్ల ముందు పెడుతుంది. మగది చూసీ చూడనట్టు తిరిగితే మళ్లీ ఎదురెళ్తుంది.

డిసెంబర్ 14

వేరు కింద జత బొరియ తవ్వుతోంది. ఇసుక నోటినిండా తీసుకొచ్చి బయట ఉమ్మడం, మళ్లీ లోపలికి. గుడ్లు నేల మీద కాదు, ఆడది బొరియ కప్పుకు అంటిస్తుంది. ఆ తర్వాత తల్లి లోపల, తండ్రి వాకిట్లో. తనకంటే ఎంతో పెద్దదైన నా కాలి మీదికే తండ్రి దూసుకొచ్చాడు!

డిసెంబర్ 29

హర్మటాన్ మొదలైంది. సహారా దుమ్ము మోసుకొచ్చే ఎండుగాలి. పెదాలు పగిలాయి, సూర్యుడు పాలిపోయాడు. నీళ్లలో మాత్రం సందడి. తల్లి చుట్టూ పిల్లల గుంపు. ఆవిడ కడుపు దగ్గరి రెక్కలు టక్కున ఆడిస్తే చాలు, పిల్లలన్నీ నేలకు అతుక్కుపోతాయి. తప్పిపోయిన వాటిని నోట కరుచుకొచ్చి గుంపులో వదులుతుంది. పొద్దువాలితే అందర్నీ బొరియలోకి చేరుస్తుంది.

జనవరి 12

ఈ పిల్లల్లో ఆడెవరో మగెవరో గుడ్డులోనే పూర్తిగా తేలిపోదట. మొదటి వారాల్లో ఉన్న నీటి పులుపును బట్టి కూడా మారుతుంది. ఈ సంగతి రూబిన్ అనే పరిశోధకుడు 1985లో చూపించాడు, రెడన్, హర్డ్ 2013లో మళ్లీ చూపించారు. పీహెచ్ తగ్గి నీళ్లు ఆమ్లమైతే మగపిల్లలు ఎక్కువ, 7కు దగ్గరపడితే ఆడపిల్లలు ఎక్కువ. ఈ చేప బతికే నీళ్లలో పీహెచ్ సుమారు 5.6 నుంచి 6.9 దాకా ఉంటుంది. అంటే ఒకే జాతి, వాగు మారితే సంసారాల లెక్క మారవచ్చు.

మగవాటిలోనూ తేడాలున్నాయి. మార్టిన్, టాబోర్‌స్కీ 1997లో రాశారు: కొన్ని ఒక్క ఆడదానితోనే ఉంటాయి, కొన్ని పలు ఆడవాటితో అంతఃపురం నడుపుతాయి, ఇంకొన్ని ఆ అంతఃపురం అంచున అనుచరుల్లా చేరి, కాపలా కాస్తూ, వీలుచిక్కితే తండ్రులూ అవుతాయి.

జనవరి 26

కైకలూరు నుంచి బావ ఫోన్. తిలాపియా చెరువు వేశాడు. క్రిబ్ సంగతి చెప్పాను.

"మాకు ఆడవి వద్దే వద్దు బావా. మగ సీడే కావాలి. ఆడవి కలిస్తే చెరువంతా పిల్లలే, సైజు రాదు."

నిజమే. అందుకే హేచరీల్లో తొలి మూడు నాలుగు వారాలు హార్మోన్ కలిపిన మేత పెట్టి అన్నింటినీ మగవి చేస్తారు. తిలాపియా కూడా ఆఫ్రికాదే, క్రిబ్ కుటుంబమే. అక్కడ మేతతో మనిషి చేసే పనిలో కొంత ఇక్కడ రాలిన ఆకులతో పులుపెక్కిన వాగు చేస్తోంది.

ఫిబ్రవరి 9

1956లో ఇదే నైజర్ డెల్టాలోని ఒలోయిబిరిలో చమురు దొరికింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ డెల్టాలోని ఒగోనీ ప్రాంతపు నేల, నీళ్లు ఎంత పాడయ్యాయో నివేదికలో పెట్టింది. 2008 నాటి చమురు లీకులకు అక్కడి బోడో ప్రజలకు షెల్ కంపెనీ 2015లో 5.5 కోట్ల పౌండ్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇథియోప్ పరిస్థితి ఇంతదాకా రాలేదు. కానీ ఒడ్డున అడవి తగ్గి రబ్బరు, పామాయిల్ తోటలొచ్చాయి. చేపను కాపాడాలంటే దాని నీటికి పులుపునిచ్చే ఆకును కాపాడాలి. ఈ నదికి చట్టబద్ధమైన హక్కులివ్వాలని ఇక్కడ కొందరు ఉద్యమిస్తున్నారు. సబబే అనిపించింది. నది బాగుంటే చేపకు విడిగా చట్టం అక్కర్లేదు.

మార్చి 2

హైదరాబాద్‌లో అక్వేరియం పెట్టిన మేనల్లుడి మెసేజ్: "మావయ్యా, క్రిబ్ పిల్లలు పెట్టింది, దాదాపు అన్నీ ఆడవే. ఎందుకు?"

వాడింట్లో బోరు నీళ్లు. కఠిన జలం, పీహెచ్ 7 దాటి ఉంటుంది. పరీక్ష చేయకుండా కారణం అదేనని ఖాయంగా అనలేను కానీ, మొదట అనుమానించాల్సింది దాన్నే. ముందు పీహెచ్ కొలవమన్నాను. ఆర్వో నీళ్లు కొంచెం కొంచెంగా కలపమన్నాను. ఎండిన బాదం ఆకులు వేయమన్నాను. ఒక్కరోజులో నీళ్లు మార్చేస్తే చేప తట్టుకోదని హెచ్చరించాను.

ఇంకో మాట కూడా రాశాను. ఈ డైరీ చదివే అక్వేరియం ప్రియులకూ అదే మనవి. పిల్లలు ఎక్కువయ్యాయని చెరువులోనో కాలువలోనో వదలకండి. అక్వేరియాల కోసం వచ్చిన దెయ్యం చేప ఇవాళ కృష్ణా కాలువల్లో మత్స్యకారుల వలలు చింపుతోంది. క్రిబ్ చిన్నదే, కానీ బొరియ తవ్వి, పిల్లల్ని కాచుకుని పెంచే జాతి కాబట్టి అదీ పాతుకుపోవచ్చు. మిగిలినవి దుకాణానికి తిరిగివ్వండి, లేదా తెలిసినవాళ్లకు పంచండి.