బ్యాటరీకి ఇంట్లో చోటు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ చెల్లెళ్లు అడిగారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నేను ఇన్వర్టర్ బ్యాటరీ గురించి రాస్తున్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలనేది పెద్ద ఇళ్లలో చిన్న విషయమే. రెండు గదుల ఇంట్లో మాత్రం అలా కాదు.

నేను సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని. ఇప్పుడు తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది నేనే మొదలు. పూతలపట్టు దగ్గర మా ఊరు. వేసవిలో గాలివాన వచ్చిందంటే కరెంటు పోతుంది. అవ్వకు ఉబ్బసం, ఫ్యాను లేకుంటే నిద్ర పట్టదు. చెల్లెలు పదో తరగతి. నాయన కూలి డబ్బులూ, నా ట్యూషన్ డబ్బులూ కలిపి పోయిన ఏడు ఇన్వర్టర్ కొన్నాం.

కొనేదాకా ఒక ఎత్తు, పెట్టే చోటు చూసేది ఒక ఎత్తు అయింది. "ఆగ్నేయం అగ్నిమూల, వంటింట్లో పెట్టండి" అన్నాడు మామ. అవ్వ మంచం పక్కన చల్లగా ఉంటుందని అమ్మ అంది. పడమటి రేకుల వసారాలో పెడితే అడ్డం ఉండదని నాయన అన్నాడు. బిగించడానికి వచ్చిన అన్నకేమో బోర్డుకు దగ్గరైతే చాలు.

మేము కొన్నది సీసం, ఆమ్లం ఉండే బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. చార్జింగ్ చివరి దశలో దానిలోని నీరు కొంత విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి వస్తుంది. మనం అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసేది అందుకే. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అది గాలికంటే తేలిక, పైకి పోతుంది. కాబట్టి పైన గాలి పోయే దారి ఉండాలి.

"అగ్నిమూల కాబట్టే అక్కడ వద్దు మామా, పక్కనే గ్యాస్ పొయ్యి ఉంది" అన్నాను. మామ నవ్వి ఊరుకున్నాడు.

అవ్వ గదికి ఒకటే కిటికీ, రాత్రిళ్లు అదీ మూస్తారు. ఉబ్బసం మనిషి పక్కన ఆమ్లపు వాసన వచ్చే వస్తువు పెట్టకూడదని అమ్మకు చెప్పాను. ఇక రేకుల వసారా. మధ్యాహ్నం ఎండంతా అక్కడే. బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. దానిమీద ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందంటారు. మన ఎండలు 40 దాటుతాయి గదా!

మిగిలింది ఉత్తరం వసారా మూల. నీడ ఉంది, పైన గాలి ఆడుతుంది. అది నేను పదో తరగతి నుంచి బల్ల వేసుకుని చదువుకున్న చోటు. బల్ల తీసి లోపల చెల్లెలికి ఇచ్చాను. దొంగల భయం ఉందని నాయన అంటే, గాలి ఆడేలా ఇనుప జాలీ పెట్టించి తాళం వేశాం. బ్యాటరీ 50 కిలోలకు పైనే ఉంటుంది. అందుకే అటకమీద కాకుండా నేలమీద ట్రాలీలో పెట్టాం.

బోర్డుకు దూరమైందని ఆ అన్న అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు కలిపి 180 వాట్లు. 230 వోల్టుల వైపు ఒక ఆంపియర్ కూడా పోదు. 12 వోల్టుల వైపు, నష్టాలు కలుపుకుంటే, 19 ఆంపియర్ల దాకా పోతుంది. కాబట్టి బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య వైరు లావుగా, పొట్టిగా ఉండాలి. ఇన్వర్టర్ నుంచి బోర్డుకు పొడుగైనా ఫరవాలేదు. "సరేలేమ్మా, నీ లెక్కే కరెక్టు" అని అట్లే బిగించాడు.

1985లో మొదలైన అమర రాజా బ్యాటరీల సంస్థ మన తిరుపతి పక్కన కరకంబాడిలోనే ఉంది. బ్యాటరీ అనే మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. దాన్ని ఇంట్లో ఏ మూల పెట్టాలో మాత్రం మనమే తెలుసుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కొనగలిగితే నీళ్లు పోసే పని లేదు, బరువు కూడా తక్కువే. ఎండ మాత్రం దానికీ పడదు.

చెల్లెళ్లారా, ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో బ్యాటరీ ఉంటే ఒకసారి చూడండి. దానిమీద బట్టలు వేసి ఉంటే తీయండి. పక్కన దీపం, అగరుబత్తి వెలిగించనివ్వకండి. నీటి మట్టం చూసేటప్పుడు కండ్లు జాగ్రత్త. పాతదైపోతే పెరట్లో పారేయకుండా అంగడికే తిరిగి ఇవ్వండి. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదారులదే. పెద్దవాళ్లు ఇంకోచోట పెడదామంటే విసుక్కోకుండా కారణం చెప్పండి. మా ఇంట్లో అందరూ విన్నారు.

మొన్న గాలివానకు రాత్రి నాలుగు గంటలు కరెంటు లేదంట. "ఫ్యాను ఆగనేలేదు అమ్మణ్ణీ" అని అవ్వ ఫోన్‌లో చెప్పింది. చెల్లెలు సైన్స్ పరీక్షకు చదువుకుంటూ ఉండిందట.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.