పరుగు... పొదుపు... భరోసా!

కారు కొనాలనుకున్న ఇంట్లోకి కారు కంటే ముందు వాదన వస్తుంది. కొడుకు పికప్ అంటాడు. తండ్రి మైలేజీ అంటాడు. తల్లి మాత్రం 'దారిలో ఆగిపోదు కదా' అంటుంది. సుబేదారిలోని ఆ ఇంట్లోనూ అదే జరిగింది. ఆయన రిటైరైన లెక్చరరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ స్కూటరు మీదే కాలేజీకి వెళ్లొచ్చిన మనిషి. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. నాన్న రిటైర్మెంట్ డబ్బులో కొంత, అబ్బాయి జీతంలో కొంత కలిపి కారు కొందామనుకున్నారు. ఏ కారన్నదే ఓ పట్టాన తేలలేదు!

అబ్బాయి మనసు చిన్న కారులో టర్బో ఇంజిన్ మీద. చూడటానికి చిన్నదే, తొక్కితే మాత్రం దూసుకుపోవాలి. తండ్రికి ఆ ముచ్చట కొత్తగా తోచింది కానీ, నిజానికది కొత్తదేం కాదు.

అప్పట్నుంచీ ఉన్న సరదానే

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని ఇంజిన్ శక్తి 40 హార్స్‌పవర్ లోపే. అయినా అంబాసిడర్‌కు అలవాటుపడ్డ వాళ్లకు అదే రెక్కల గుర్రంలా అనిపించింది. కారణం బరువు. బండి తేలికైతే చిన్న ఇంజినైనా చురుగ్గా లాగుతుంది. 1993లో జెన్ వచ్చింది. కుర్రకారు దాని చుట్టూ తిరిగింది. 2001లో ఫియట్ పాలియో వచ్చింది, ప్రకటనల్లో సచిన్ టెండూల్కర్! అందులో 1.6 లీటర్ల రకం 100 హార్స్‌పవర్ ఇచ్చేది. నడిపినవాళ్లు స్టీరింగును మెచ్చుకున్నారు, పెట్రోలు బిల్లు చూసి నిట్టూర్చారు. 2005లో వచ్చిన స్విఫ్ట్ ఆ రెంటికీ నడుమ దారి చూపింది. చూపులకు సోకు, నడకలో చురుకు, జేబుకు మరీ బరువు కాదు.

తర్వాత టర్బోల కాలం వచ్చింది. 2013లో పోలో జీటీ, 2017లో బాలెనో ఆర్ఎస్, 2021లో ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్... వరుసకట్టాయి. అబ్బాయి ఫోన్లో వీటి వీడియోలన్నీ ఉన్నాయి. తండ్రి చేతిలో మాత్రం కాగితం, పెన్ను!

ఎంత పరుగు కావాలి?

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా సాయంత్రం పూట ఎవరు నడిపినా వేగం నలభై దాటడం కష్టం. అక్కడ 80 హార్స్‌పవరైనా, 120 అయినా ఆటో వెనక ఆగాల్సిందే. తేడా తెలిసేది ఊరు దాటాకే. ములుగు దాటి మేడారం వైపు వెళ్తే రెండు వరుసల రోడ్డు. లోడు లారీని దాటాలంటే ఎదుటి వరుసలోకి వెళ్లాలి. అక్కడ ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. కాబట్టి పికప్ అంటే సోకొక్కటే కాదు, కొంత ప్రాణరక్షణ కూడా.

ఇక్కడ చూడాల్సింది హార్స్‌పవర్ ఒక్కటే కాదు, లాగే శక్తి. దాన్నే టార్క్ అంటారు. ఐ20 ఎన్ లైన్ టర్బో ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్ల దగ్గరే 172 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 2024లో వచ్చిన స్విఫ్ట్ 4,300 చుట్ల దగ్గర 112 ఇస్తుంది. అంటే మొదటిదాంట్లో కాలు నొక్కితే చాలు. రెండోదాంట్లో ముందు గేరు తగ్గించి, తర్వాత నొక్కాలి. గేరు సరిగ్గా వాడటం తెలిసినవాడికి రెండోదీ సరిపోతుంది. పోతే, వేగంగా వెళ్లే బండికి వేగంగా ఆగడమూ రావాలి. బ్రేకులు, టైర్లు, ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా కాచే ఈఎస్‌సీ... ఇవి లేని పరుగు పరుగు కాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు సున్నా వచ్చింది, రెండు బ్యాగులున్న అదే పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి!

పొదుపు ఎక్కడుంది?

తండ్రి లెక్క తీశారు. హైదరాబాద్ రానుపోను 280 కిలోమీటర్లు. నెలకు రెండు ట్రిప్పులు, పైన ఊళ్లో తిరుగుడు... ఏడాదికి 9,000 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 20 ఇచ్చే బండికి 450 లీటర్లు, 14 ఇచ్చే టర్బోకు దాదాపు 643 లీటర్లు పడతాయి. లీటరు 107 రూపాయలనుకుంటే తేడా ఏడాదికి సుమారు 20,700. నెలకు 1,700 పైచిలుకు. ఐదేళ్లకు లక్ష!

కంపెనీ చెప్పే 24.8ని ఆయన పక్కనపెట్టారు. అది పరీక్షశాలలో రోలర్ల మీద తేలిన లెక్క. అక్కడ స్పీడ్ బ్రేకర్లుండవు, మే నెల ఏసీ ఉండదు. పైగా బంకులో పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

అయితే అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. రెండు బండ్ల ధరలో తేడా రెండు లక్షలనుకుంటే, ఐదేళ్ల పెట్రోలు తేడా అందులో సగమే. ఇళ్లల్లో పోట్లాట మైలేజీ దగ్గర జరుగుతుంది, డబ్బు మాత్రం ముందే షోరూములో ఖర్చయిపోతుంది. ఇన్సూరెన్సు, టైర్ల తేడా ఆ మీదట.

ఆగిపోతే ఎవరొస్తారు?

"నడిరాత్రి రఘునాథపల్లి కాడ ఆగిపోతే ఎవలొస్తరు బిడ్డా?" అని అడిగింది తల్లి. ఆ మాటకు అబ్బాయి వీడియోల్లో జవాబు లేదు.

భరోసా అంటే ఇంజిన్ గట్టిదనమొక్కటే కాదు. విడిభాగం ఎన్ని రోజుల్లో దొరుకుతుంది? చూడగలిగే మెకానిక్ ఊళ్లో ఉన్నాడా? పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందా? షెవర్లే కార్లమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ మానుకుంటున్నట్లు ప్రకటించింది. బండి బంగారంలాంటిదైనా చిన్న భాగం కోసం హైదరాబాద్ పరుగెత్తాల్సి వస్తే ఆ బంగారం బరువే.

టర్బోకు మరికొంత శ్రద్ధ కావాలి. అందులోని చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఇంజిన్ ఆయిలే. చెప్పిన రకం, చెప్పిన గడువులో మార్చాలి. దూరం నుంచి వేగంగా వచ్చాక నిమిషంపాటు ఇంజిన్ ఆపకుండా ఉంచాలి. 'ఇంకో వెయ్యి కిలోమీటర్లు నడుస్తదిలే' అనే ఇంటికి టర్బో నప్పదు.

చివరికి ఒక ఆదివారం రెండు బండ్లూ గూడెప్పాడు దాకా నడిపి చూశారు. టర్బోలో లారీని దాటాక తండ్రి ముఖం వెలిగింది. "ఇది మంచిగుంది బిడ్డా, తీసుకుందాం" అన్నారు. అబ్బాయి మాత్రం ఆ కాగితం వైపే చూస్తున్నాడు. ఎక్కువయ్యే ఆ రెండు లక్షలూ తన జీతంలోవి కావు, నాన్న ముప్ఫై ఏళ్ల కొలువులోవి!

"వద్దు నాన్నా, తేలికపాటి బండే తీసుకుందాం. ఎయిర్‌బ్యాగులు ఆరున్నయి, సర్వీసు ఊర్లనే ఉంది. గేరు మార్చుడు నాకొస్తది" అన్నాడు.

రోజూ దూరాలు తిరిగేవాళ్లు మైలేజీని ముందు పెట్టొచ్చు. ఒంటరిగా ఉండి, సొంత సంపాదనతో కొనేవాళ్లు పరుగును ముందు పెట్టొచ్చు. ఆ ఇంట్లో మాత్రం తల్లి అడిగిన ప్రశ్న ముందుకొచ్చింది, మిగతా రెండూ దాని వెనక సర్దుకున్నాయి. మిగిలిన రెండు లక్షలూ తండ్రి పేరు మీద బ్యాంకులో డిపాజిట్టుగానే ఉన్నాయి.