నేను సున్నా వేసిన జవాబు



మొన్నటి యూనిట్ టెస్టులో ఎనిమిదో తరగతికి ఒక ప్రశ్న ఇచ్చాను: ఎత్తైన ట్యాంకు నుంచి పై అంతస్తుకు నీళ్లెలా వస్తాయి? పాఠంలోని జవాబు మీకూ తెలుసు. నీళ్లు తమ మట్టాన్ని చేరుకుంటాయి. నాంపల్లి నుంచి వచ్చే ఒక బాబు మాత్రం ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, కుదరక తెలుగులో ముగించాడు: "మా ఇంటికి రావు మేడం. పక్కవాళ్లు నల్లాలు కట్టేస్తేనే వస్తాయి." నవ్వుకుని సున్నా వేశాను.

పేపరు తీసుకుని వాడు వాదించలేదు. "పొద్దున అమ్మకు బిందెలు పట్టిచ్చేది నేనే మేడం" అన్నాడు, అంతే.

ఆ మాట నన్ను వదల్లేదు. నేనుండేది అబిడ్స్‌లో, పాత బిల్డింగు మొదటి అంతస్తులో. నీళ్లు వదిలిన రోజు 15 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డాను. బకెట్ నిండడానికి 5 నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి 3 లీటర్లు. కిందివాళ్లు పట్టుకోవడం అయిపోయాక అదే బకెట్ 2 నిమిషాల్లో నిండింది. నిమిషానికి ఏడున్నర లీటర్లు!

మట్టం సూత్రం నిలిచిన నీటికి. పారే నీరు పైపు గోడల రాపిడితో ఒత్తిడి పోగొట్టుకుంటుంది. అందరూ నల్లాలు తిప్పి గల్లీ పైపులో ప్రవాహం రెట్టింపైతే, ఆ నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది. అంతే నీరు సగం వ్యాసమున్న పైపులో పోవాలంటే నష్టం దాదాపు 32 రెట్లు. ఫ్రాన్స్ ఇంజనీరు హెన్రీ డార్సీ 1857లో అచ్చయిన తన ప్రయోగాల్లో, లోపల గరుకెక్కిన పాత పైపుల్లో నష్టం ఇంకా ఎక్కువని చూపించాడు. మన ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వాలు మీదే వస్తాయి. ఆ వాలంతా దారిలో రాపిడికే ఖర్చవుతుంది.

సోమవారం క్లాసులో ఆ సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. అందరి ముందు వాడికి సారీ చెప్పాను. వాడు వెంటనే లేచి, "మరి పైపుకు మోటారు పెట్టి గుంజేవాళ్లను ఏం చెయ్యాలి మేడం?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ఈసారి నీళ్లు వచ్చినప్పుడు మీ పిల్లలతో ఒక బకెట్ కొలిపించండి. మీ మోటారు సంపుకు కాకుండా నేరుగా పైపుకే కలిపి ఉంటే, దాన్ని ఆపి మరోసారి పక్కింట్లో కొలవమనండి.