అష్టమి నాటి సముద్రం

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఉన్న నాలుగు రోజుల్లో ఎక్కువ పొద్దు ఒక డైవింగ్ సెంటర్ వెనకున్న రేకుల షెడ్డులోనే గడిపాను. వేసవి సంచికకు సముద్ర క్రీడల యాత్ర మీద రాయమని సంపాదకులు పంపారు. ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఏమేం చూడాలి, అంతే ఆయన అడిగింది. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, మడ అడవుల మధ్య కయాకింగ్, పగడపు దిబ్బల దగ్గర స్కూబా అంటూ జాబితా రాసుకునే ఓడ ఎక్కాను. మొదటి ఉదయమే ఆ షెడ్డు గోడ మీద తెలుగు క్యాలెండర్ కనిపించింది. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ అష్టములు, నవములు, దశములు.

"మనోళ్లు అష్టమి, నవమి అంటే గడప దాటరు. ఈ నీల్లకి అవే మంచి రోజులు బాబూ" అన్నాడు సిలిండర్ మీద వంగి పనిచేసుకుంటున్న మనిషి, తలెత్తకుండానే.

యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా వచ్చి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడిన కుటుంబం. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, ఈ దీవి పేరు 2018లోనే హేవ్‌లాక్ నుంచి స్వరాజ్ ద్వీప్‌గా మారింది. ఆయన నోట మాత్రం పాత పేర్లే. తండ్రి దగ్గర వేట నేర్చుకుని, ఇప్పుడు డైవింగ్‌కు వచ్చేవాళ్ల సిలిండర్లకు గాలి నింపుతున్నాడు. నేను అన్నా అని పిలిచాను, ఆయన నాకు ఒక ఖాళీ డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు.

అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి నీటిని లాగుతారు. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అంత నీరు అటూ ఇటూ కదిలేసరికి ప్రవాహం బలపడుతుంది, అడుగు ఇసుక లేచి చూపు ఆనదు. అష్టమి వచ్చేసరికి ఆ రెండు ఆకర్షణలూ అడ్డంగా పడి పోటుకూ పాటుకూ తేడా తగ్గుతుంది. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులూ నీరు ఇంకా నెమ్మదిగా ఉంటుంది. ఇదంతా నేను పాఠంలో చదివిందే. ఆయనకు పడవ మీద తండ్రి చెప్పాడు. మనం ప్రయాణాలకు పనికిరావని పక్కన పెట్టే తిథులను ఆయన ఎర్ర పెన్సిల్‌తో దాచుకుంటున్నాడు.

ఇక ఆ చేతుల గురించి చెప్పాలి. సిలిండర్ మూతి దగ్గర చిటికెన వేలి ఉంగరమంత నల్లటి రబ్బరు చుట్టు ఉంటుంది, ఓ-రింగ్ అంటారు. దాన్ని తీసి కళ్లు మూసుకుని బొటనవేలి గోటితో చుట్టూ తడిమాడు. నా కంటికి కొత్తదానిలా ఉన్నదాన్ని పక్కన పారేశాడు. "ఇక్కడ వెంట్రుకంత గీత. కంటికి కనపడదు, గోరుకి తెలుస్తాది." కొత్తది వేసి, మూత ఒక్క క్షణం తిప్పి గాలి వదిలి, ఆ శబ్దం విన్నాడు. ఎక్కడైనా తడి చేరితే ఆ గాలితో బయటికి పోతుంది. తర్వాత కంప్రెషర్ గొట్టం తగిలించి అరచేయి సిలిండర్ ఒంటి మీద పెట్టాడు. తొందరపడి నింపితే వేడెక్కుతుంది, చల్లారాక చూస్తే లోపల ఒత్తిడి తగ్గిపోయి ఉంటుంది. అందుకని చేతికి వెచ్చన తగలగానే వేగం తగ్గిస్తాడు. గాలి పీల్చే గొట్టాన్ని షెడ్డుకు చాలా పైన కట్టాడు. ఇంజిన్ పొగ అందులోకి పోతే నీటి అడుగున మనిషి ప్రాణానికే ముప్పు.

పదకొండు లీటర్ల సిలిండర్‌ను 200 బార్‌ దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, కాబట్టి అదే గాలి ఒడ్డున వచ్చే సమయంలో సగమే వస్తుంది. మన ఊపిరి అంత లెక్కగా ఒక మనిషి చేతుల మీదుగా వస్తుందని షెడ్డుకు వెళ్లేదాకా నాకు తోచలేదు.

రెండో రోజు ముందు గదిలో గొడవ వినిపించింది. తెలుగు కుటుంబమే. అబ్బాయికి జలుబు చేసిందని, నీటిలోకి దింపనని శిక్షకురాలు చెబుతోంది. "డబ్బు కట్టేశామమ్మా, రేపు పొద్దున్నే ఫ్లైటు. మళ్లీ ఎప్పుడొస్తాం?" అని తండ్రి బతిమాలుతున్నాడు. పది మీటర్లు దిగితే చెవి గూబ మీద అదనంగా పడే ఒత్తిడి, మన నెత్తి మీదున్న మొత్తం గాలి బరువుతో సమానం. గొంతు నుంచి చెవికి పోయే సన్నని దారిలో గాలి పంపుతూ దాన్ని సరిచేసుకోవాలి. జలుబుతో ఆ దారి మూసుకుంటే గూబ చిరిగిపోవచ్చు. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఆ తండ్రి మీద నాకు కోపం రాలేదు. కొడుకుకి సముద్రం చూపించాలని అంత దూరం తెచ్చిన మనిషి. నా కోపం ఆయన చేతిలో ఆ ప్రణాళిక పెట్టినవాళ్ల మీద. గంట గంటకూ ఒక చోటు రాసి ఉన్న ఆ కాగితంలో ఒంట్లో బాగోకపోతే ఆగడానికి ఒక్క పూట లేదు. నీటి అడుగున శ్వాసతో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలంటే, ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కేముందు కనీసం 12 గంటలు, పదే పదే చేస్తే 18 గంటలు ఆగాలి. ఆ కాగితానికి ఈ సంగతే తెలియదు. మా పత్రికల్లో వచ్చే ప్రణాళికలూ ఇలాగే ఉంటున్నాయి, అది మా తప్పు.

కాబట్టి ఈ యాత్రను తిరగేసి వేసుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలును మొదటి రోజు చూసేసి, చివర్లో డైవింగ్ పెట్టుకుంటారు చాలామంది. దాని బదులు విమానం దిగగానే దీవికి వెళ్లిపోవాలి. ఒక రోజు ఒడ్డున తిరిగి నీటికి అలవాటు పడాలి. డైవ్ మధ్య రోజుల్లో పెట్టుకుని, పక్కనే ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. తిరిగొచ్చాక జైలు చూడాలి, అప్పటికి ఒంట్లో నైట్రోజన్ కూడా తగ్గుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం అనుకూలం. వీటన్నిటికీ ముందు, టికెట్లు కొనకముందే, మీ ఊరి కొలనులో రెండు నెలలు ఈత నేర్చుకోండి. మొదటిసారి దిగేవాళ్లను శిక్షకులు పట్టుకుని తీసుకెళ్తారు, 12 మీటర్లు దాటనివ్వరు. ఈత రాకపోయినా పరవాలేదంటారు. కానీ నీటికి భయపడే ఒళ్లు చేతులూ కాళ్లూ ఆడిస్తుంది, అందిన పగడం మీద కాలు మోపుతుంది. గుండ్రటి పెద్ద పగడం ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరో, అంతకన్నా తక్కువో. ఇక్కడి పగడాలు 2010లోనూ, 2016లోనూ సముద్రం వేడెక్కి తెల్లబోయాయి. ఆ దెబ్బల నుంచి తేరుకున్నవాటిని మన మడమలతో విరగ్గొట్టడం పాపం.

ఆంధ్రప్రదేశ్‌కు 974 కిలోమీటర్ల తీరం ఉందని బడిలో చదువుకున్నాం. ఆ తీరంలో సముద్రం తెలిసినవాళ్లు వేటకు వెళ్లే కుటుంబాలే, మిగతా మనం ఒడ్డున మోకాళ్ల దాకా తడిసి వచ్చేవాళ్లం. అన్న కొడుకు చేపలా ఈదుతాడట. శిక్షకుడు కావాలనుకుని, ఇంగ్లీషు పుస్తకం, పరీక్ష, ఫీజు చూసి వెనక్కొచ్చేశాడు. ఇప్పుడు ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. "ఆడికి నీల్ల సంగతి ఎవులూ సెప్పక్కర్లేదు బాబూ. ఆ కాయితమే లేదు" అన్నాడు తండ్రి. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. మూడు తరాలుగా నీటిని చదివిన ఇంటి పిల్లవాడికి ఆ చదువునే తెలుగులో నేర్పి, ఆ కాగితం చేతికిచ్చే ఏర్పాటు ఉండాలి. భీమిలిలోనో కళింగపట్నంలోనో అలాంటి బడి ఒక్కటి పెడితే, గోటితో గీత పట్టే ఆ నైపుణ్యం ఆయనతోనే ఆగిపోదు.

అష్టమి నాడు నేనూ దిగాను. ఎనిమిది మీటర్ల అడుగున నీరు అద్దంలా ఉంది. చిలకచేపలు పగడాన్ని కొరికే చప్పుడు వినిపించింది. దానికంటే బాగా వినిపించింది నా ఊపిరి. ప్రతి పీల్పుకీ ఆ నల్లటి ఉంగరం మీద తిరిగిన గోరు గుర్తొచ్చింది.

తిరిగి వెళ్లే రోజున చెప్పి వద్దామని షెడ్డుకు వెళ్లాను. ముందు గది అమ్మాయి తలుపులోంచి తొంగి చూసి, ఫోన్లో ఎవరో వచ్చే నెల ఒక ఆదివారం అడుగుతున్నారంది. ఆయన చేతులు తుడుచుకుని క్యాలెండర్ దగ్గరికెళ్లాడు.

"ఆ ఆదివారం పున్నమమ్మా. ఆ పై వారం సోమవారానికి అష్టమి. రాగలరేమో అడుగు."

ఆమె ఫోన్లో అడిగి, కాసేపు విని, తల ఊపింది. ఆయన చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి ఆ సోమవారం చుట్టూ సున్నా చుట్టాడు.